ఆ రాతి మీద అమ్మ పేరు

మా గల్లీ మొదట్లో, కిరాణా కొట్టు పక్కన, పోయిన ఎండాకాలం మా అత్తమ్మ చల్లనీళ్ల మిషను ఒకటి పెట్టించింది. ఛత్రినాకలో ఎండలు ముదిరాయంటే ఉప్పుగూడ స్టేషన్ నుంచి నడిచొచ్చేవాళ్లకీ, కూరగాయల బండ్లవాళ్లకీ, బడి పిల్లలకీ గొంతు తడుపుకోవడానికి ఒక చోటుండాలని ఆవిడ కోరిక. ఆ కోరిక వెనక ఇంకో సంగతి ఉంది. మా బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, పోయి అప్పటికి ఆరేళ్లు. కొడుకు పేరు మీద ఏదైనా చేయాలని పింఛను డబ్బుల్లోంచి నెలనెలా కొంత తీసి బియ్యం డబ్బా అడుగున దాచుకుంటూ వచ్చింది.

మిషను వచ్చింది. కొళాయిలు బిగించారు. చిన్న సిమెంటు దిమ్మె కట్టి దానికి నల్ల గ్రానైటు పలక అతికించారు. పలక మీద బావగారి పేరు. దాని కింద ఫలానా వారి కుమారుడంటూ మామగారి పేరు. ఇంకా కింద, కట్టించినవారు అని మావారి పేరు, మా మరిది పేరు. ఎవరూ కావాలని చేసింది కాదు. చెక్కే అతను అడిగాడు, మగవాళ్లు చెప్పారు, అతను చెక్కాడు. అంతే. మొదలుపెట్టిన రోజు అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంతా చదివింది. చదివి, నా వైపు తిరిగి, వీడికి అమ్మ లేదా అని అడిగింది. నవ్వుతూనే అడిగిందనుకోండి. నాకే ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుకుంటుంటే డిగ్రీలో చదువుకున్న ఒక పేరు గుర్తొచ్చింది. గౌతమీ బలశ్రీ.

2017 సంక్రాంతికి వచ్చిన గౌతమీపుత్ర శాతకర్ణి సినిమా చూసినవాళ్లకు ఈవిడ తెలుసు. హేమమాలిని వేసిన పాత్ర. సినిమాలో ఆవిడ కొడుకును కన్నందుకు గొప్పది. కానీ అసలు సంగతి చూడండి, ఆ కొడుకు గురించి ఈనాడు మనకు ఇంత తెలిసిందంటే అది ఆవిడ రాయించబట్టే! అతను పోయాక, మనవడి కాలంలో, ముసలితనంలో, కొండ గోడ మీద చెక్కించిన పదకొండు వరుసల ప్రాకృత శాసనం అది. అది లేకపోతే శాతకర్ణి మనకు కొన్ని నాణేల మీదా, పురాణాల్లోని రాజుల జాబితాలోనూ ఒక పేరుగా మిగిలేవాడేమో.

పలక సంగతి జరిగిన నాలుగైదు నెలలకు మా ఇంటిల్లిపాదీ షిర్డీ యాత్రకు బయల్దేరాం. అక్కణ్ణుంచి నాసిక్, త్రయంబకం. నాసిక్‌కు దక్షిణంగా ముంబయి రోడ్డు పక్కన ఒక కొండ ఉంది. అక్కడివాళ్లు పాండవలేణి అంటారు. పాండవులకూ దానికీ ఏ సంబంధమూ లేదు, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువుల కోసం తొలిచిన 24 గుహలు. శాసనాల్లో ఆ కొండ పేరు త్రిరశ్మి. అందరూ ద్రాక్షతోటలు చూద్దామంటుంటే నేను పట్టుబట్టి అక్కడికి తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ మెట్ల దగ్గరే చెట్టు కింద కూర్చుండిపోయింది. మేం ఎక్కాం.

మూడో నంబరు గుహ బలశ్రీ ఇచ్చింది. ముందు స్తంభాల వసారా, లోపల పెద్ద చావడి, చుట్టూ భిక్షువులు పడుకునే చిన్న చిన్న గదులు. వసారాను కింద నుంచి బొద్దుగా ఉన్న యక్షులు భుజాల మీద మోస్తున్నట్టు చెక్కారు. మా చిన్నవాడు వాళ్లను చూసి, పాపం ఎప్పట్నుంచి మోస్తున్నారమ్మా అన్నాడు. ఆ వసారా గోడ మీదే ఉంది, నేను చూడాలనుకున్న రాత. బ్రాహ్మీ లిపి. నాకొక్క ముక్క అర్థం కాలేదు, కాని చేత్తో తాకకుండా చాలాసేపు దాని ముందే నిలబడ్డాను.

ఆవిడ కథ చెప్తాను.

శాతవాహనుల ఇంటి కోడలు బలశ్రీ. కరీంనగర్ దగ్గర కోటిలింగాల నుంచి గోదావరి వెంట పైఠాన్ దాకా, అటు కృష్ణా తీరంలో ధాన్యకటకం దాకా మన నేలలన్నిటితో ముడిపడిన వంశం అది. శాసనంలో తనను తాను రాజర్షి భార్యనని చెప్పుకుంది. ఆ రాజర్షి పేరు మాత్రం చెప్పలేదు! కొడుకు పేరుంది, మనవడి పేరుంది, తన పేరుంది. భర్త పేరు లేదు. మన పలకకు సరిగ్గా తలకిందులు.

ఆవిడ రాణిగా ఉన్న రోజులు మంచి రోజులు కావు. పడమటి నుంచి వచ్చిన క్షహరాత వంశపు శకులు నాసిక్ సీమనూ, సముద్రపు రేవులనూ లాగేసుకున్నారు. వాళ్ల రాజు నహపాణుడు. కోట్ల విలువచేసే వర్తకం ఆ రేవుల మీదుగానే జరిగేది. అంటే రాజ్యానికి పెద్ద ఆదాయమే పరాయివాళ్ల చేతిలోకి పోయిందన్నమాట. అలాంటి ఇంట్లో పెరిగిన కొడుకు శాతకర్ణి. గద్దెనెక్కిన 18వ ఏటికి నహపాణుణ్ణి ఓడించి ఆ సీమంతా తిరిగి తెచ్చాడు.

అతని పేరుకు ముందు గౌతమీపుత్ర అని ఉండటం అతనొక్కడి మాతృభక్తి కాదు. అతని తర్వాత వచ్చిన పులుమావి వాసిష్ఠీపుత్రుడు. ఆ తర్వాతి రాజుల్లోనూ చాలామంది ఇలా తల్లుల పేర్లతోనే ఉన్నారు. రాజుకు నలుగురు భార్యలుంటే ఎవరు ఏ తల్లి బిడ్డో తెలియడానికి ఈ పద్ధతి పుట్టి ఉంటుందని పండితులంటారు. గద్దె మాత్రం తండ్రి నుంచి కొడుక్కే పోయేది. కాబట్టి అప్పుడంతా ఆడవాళ్ల రాజ్యమని మురిసిపోనక్కర్లేదు. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. గౌతమి అన్నది గోత్రాన్ని బట్టి వచ్చిన పేరు, అదీ ఆవిడ పుట్టింటి గోత్రం. పెళ్లయిన మర్నాటి నుంచీ ఇంటిపేరు, గోత్రం మారిపోయే మనకు ఇది వింతే కదా. అత్తింట్లో ముసలిదయ్యేదాకా ఆవిడ గౌతమిగానే ఉంది. ఆవిడతో పాటు ఆవిడ పుట్టిల్లు కూడా కొడుకు పేరెక్కి నాణేల మీద ఊరూరా తిరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, మన బట్టలూ మిరియాలూ కొనుక్కుంటున్న రోము నగరంలో ఆడవాళ్ల సంగతేమిటా అని నేను కాస్త చదివాను. లోకంలో సగాన్ని ఏలుతున్న ఆ ఊళ్లో ఆడపిల్లకు తనదంటూ ఒక పేరు పెట్టడమే తక్కువ. తండ్రి వంశం జూలియస్ అయితే కూతురు జూలియా. కొర్నేలియస్ అయితే కొర్నేలియా. ఇద్దరు పుడితే పెద్ద కొర్నేలియా, చిన్న కొర్నేలియా. మూడోది పుడితే మూడోది! మన ఇళ్లలో పెద్దమ్మి, చిన్నమ్మి అని పిలిచినట్టే అనుకోండి, కాకపోతే మనకు బడి రిజిస్టరులోనైనా ఒక పేరుండేది.

పేరు పోతే పోనీ, చట్టం చూడండి. రోములో తండ్రి బతికున్నంత కాలం కూతురు, ఆమెకు పెళ్లయి పిల్లలు పుట్టినా సరే, తండ్రి అధికారం కిందే. తండ్రి పోయాక కూడా పెద్ద వ్యవహారమేదైనా చేయాలంటే సంరక్షకుడని ఒక మగవాడి ఒప్పుదల కావాలి. చక్రవర్తి అగస్టస్ ఒక మినహాయింపు పెట్టాడు. ముగ్గురు పిల్లల్ని కన్న స్త్రీకి సంరక్షకుడి బెడద లేదు. పిల్లల్ని కనిపెట్టి ఇవ్వు, నీ సంతకం నువ్వు పెట్టుకో అన్నట్టు! ఆడవాళ్లు తేలిగ్గా మోసపోతారు కనక సంరక్షకుడు ఉండాలన్నది పైకి చెప్పే మాటే గాని నిజం కాదని, బలశ్రీ మనవడి కాలానికి కొంచెం అటూఇటూగా, గాయస్ అనే వాళ్ల న్యాయ పండితుడే ఒప్పుకున్నాడు. చాలాచోట్ల ఆ ఒప్పుదల నామమాత్రమేననీ, డబ్బున్న రోమన్ ఆడవాళ్లు భూములూ వ్యాపారాలూ చక్కగానే నడుపుకున్నారనీ కూడా చెప్పాలి. లేకపోతే అన్యాయమవుతుంది.

నన్ను కుదిపేసింది వేరే. పెళ్లయినా ఆడది చట్టం లెక్కలో పుట్టింటి మనిషే కాబట్టి, పిల్లలు తండ్రి ఇంటి మనుషులు కాబట్టి, రోమన్ తల్లీ కొడుకులు చట్టప్రకారం ఒకే కుటుంబం కారు! కొడుకు వీలునామా రాయకుండా చనిపోతే తండ్రి వైపు బంధువులందరి వంతూ అయ్యాకే తల్లి వంతు. చక్రవర్తి హేడ్రియన్ ఏలిన కాలంలో, అంటే క్రీ.శ. 117-138 మధ్య, రోమన్ సభ ఒక తీర్మానం చేసి తల్లికి కొడుకు ఆస్తిలో కొంత హక్కిచ్చింది. అదీ ముగ్గురు పిల్లల్ని కన్న తల్లికే. మన 1956 హిందూ వారసత్వ చట్టంలో చనిపోయిన కొడుకు ఆస్తికి భార్యాబిడ్డలతో సమంగా తల్లి మొదటి తరగతి వారసురాలు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మా అత్తమ్మకు తెలీదు. నేను చెప్తే, వాడి పిల్లల నోటి ముందుది నాకెందుకే అంది.

మళ్లీ కొండ మీదికి వద్దాం. యుద్ధం గెలిచిన ఏడే, సైన్యం విడిది నుంచే శాతకర్ణి గోవర్ధనంలోని తన అమాత్యుడు విష్ణుపాలితుడికి ఒక ఆజ్ఞ పంపాడు. ఈ కొండ మీది భిక్షువులకు 200 నివర్తనాల పొలం ఇస్తున్నాననీ (నివర్తనం అప్పటి భూమి కొలత), ఆ పొలంలోకి రాజోద్యోగులు అడుగు పెట్టకూడదనీ, ఉప్పు కోసం తవ్వకూడదనీ దాని సారాంశం. ఆ పొలం అంతకుముందు ఎవరిదో తెలుసా? నహపాణుడి అల్లుడు ఉషవదాతుడిది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

ఎందుకంటే అదే కొండ మీద, బలశ్రీ గుహకు నాలుగడుగుల దూరంలో, పదో నంబరు గుహ ఉంది. అది ఆ ఉషవదాతుడు తొలిపించింది. అతని భార్య దక్షమిత్ర, నహపాణుడి కూతురు. భిక్షువులకు ఒక గదిని తన దానంగా ఇచ్చి తన పేరు చెక్కించుకుంది. ఆ గుహలోని లెక్కలు మన చిట్టీల పుస్తకంలా ఉంటాయి. 3000 కార్షాపణాలు సాలెవాళ్ల సంఘాల దగ్గర శాశ్వతంగా పెట్టారు. 2000కి నెలకు నూటికి ఒకటి వడ్డీ, 1000కి నూటికి ముప్పావు. అసలు ముట్టుకోకూడదు, వడ్డీతో భిక్షువులకు బట్టలూ ఖర్చులూ. అప్పట్లో కుమ్మరులకు, నూనె గానుగల వాళ్లకు కూడా ఇలాంటి సంఘాలే ఉండేవి. బ్యాంకులు లేని రోజుల్లో నమ్మకమంటే ఈ చేతివృత్తుల వాళ్లే.

ఆ దక్షమిత్ర పుట్టింటి వంశాన్ని బలశ్రీ కొడుకు వేళ్లతో సహా పెకిలించాడు. బలశ్రీ శాసనంలో ఆ మాట గర్వంగానే ఉంది. నాసిక్ దగ్గర జోగళ్‌తెంబీలో 1906లో వెండి నాణేల కుప్ప దొరికింది. 13 వేలకు పైగా నాణేలు. వాటిలో 9 వేల పైచిలుకు నహపాణుడి ముఖం మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించుకున్నవి. ఓడినవాడి ముఖాన్ని అలా చెరిపారు. గోడ మీది అతని కూతురి పేరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఇవాళ్టికీ ఉంది. ఇద్దరాడవాళ్ల పేర్లూ ఒకే కొండ మీద, ఒకరి వాకిట్లోంచి ఇంకొకరి వాకిట్లోకి తొంగి చూడొచ్చన్నంత దగ్గరగా.

శాతకర్ణి 24వ ఏట ఇంకో ఆజ్ఞ వచ్చింది. ఈసారి శ్యామకుడనే అమాత్యుడికి. ఇది రాజొక్కడే ఇచ్చింది కాదు. రాజూ, రాజమాతా కలిసి ఇచ్చారు. ఇంతకుముందు దానమిచ్చిన పొలం ఎవరూ దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం ఉండటం లేదు, కాబట్టి నగరం పొలిమేరలో ఉన్న రాజుగారి సొంత భూమిలోంచి 100 నివర్తనాలు ఇవ్వండి అని. ఎంత ఇంటి వ్యవహారంలా ఉందో చూడండి! ఇచ్చిన చీర చిరుగని తెలిస్తే పిలిచి ఇంకోటి పెట్టే పెద్దముత్తైదువ పని కాదూ ఇది? భూములిచ్చి ఫోటోలు దిగి మర్చిపోయే రోజుల్లో ఉన్నాం కనక నాకు మరీ ముచ్చటేసింది. పొలం మీద పంట పండుతోందా లేదా అని ఆరేళ్ల తర్వాత కూడా కనుక్కున్నారు.

ఆ ఆజ్ఞాపత్రాన్ని సిద్ధం చేసింది ప్రతీహారి, అంటే రాజద్వారం కాసే ఉద్యోగి. పేరు లోట. ఆడమనిషి! రెండు వేల ఏళ్ల కిందట రాజుగారి భూమి కాగితం ఒక ఉద్యోగిని చేతి మీదుగా నడిచిందని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్క ఉంటే ఎంత బాగుండును.

ఇదే ఆజ్ఞలో రాజమాతకు ఒక విశేషణం వేశారు. జీవసుత. కొడుకు బతికి ఉన్న తల్లి అని అర్థం. అంత బలాఢ్యుడైన రాజు బతికే ఉన్నాడని వేరే చెప్పడమెందుకు? అప్పటికే అతను జబ్బుపడి ఉంటాడనీ, అందుకే తల్లి పాలనలో చెయ్యేసిందనీ కొందరు చరిత్రకారుల ఊహ. కాదు, అది ముత్తైదువ వంటి గౌరవపు మాట అని మరికొందరు. వాళ్ల వాదన ఎలా ఉన్నా, ఆ మాట దగ్గర నా కళ్లు తిరిగాయి. మా బావగారు ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ ఎవరు ఫోన్ చేసినా మా అత్తమ్మ ముందు చెప్పిన మాట అదే. ఉన్నాడు, నా కొడుకు ఉన్నాడు.

శాతకర్ణి పోయాడు. మనవడు పులుమావి రాజయ్యాడు. కాలం గడిచింది. పులుమావి ఏలుబడిలో 19వ ఏడు, గ్రీష్మ ఋతువు రెండో పక్షం, పదమూడో రోజున ఆ పదకొండు వరుసలు చెక్కారు. పందొమ్మిదేళ్లు! కొడుకు పోయిన కొత్తలో ఏడుస్తూ రాయించింది కాదు. కడుపుకోత లోపలే ఇంకి, రాయంత గట్టిపడ్డాక రాయించింది.

ఏం రాయించింది? అస్మకం, మూలకం, సౌరాష్ట్రం, విదర్భ, మాళవం, ఇలా కొడుకు ఏలిన దేశాలన్నీ వరుసగా. అస్మకమంటే మన బోధన్, నిజామాబాద్ వైపు. తర్వాత వింధ్య నుంచి సహ్యం, మలయం, మహేంద్రం దాకా కొండల పేర్లు. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయట. ముఖం నిండుచంద్రుడట, నడక ఏనుగు నడకట. ఏ తల్లి కళ్లకైనా అంతే లెండి. అంతటి పొగడ్తల మధ్య, తల్లి సేవలో ఏనాడూ లోటు చేయలేదన్న ముక్క కూడా వేయించింది. అది మర్చిపోతే ఆవిడ తల్లే కాదు!

ధర్మంగా తప్ప పన్ను వేయలేదనీ, పౌరుల సుఖదుఃఖాలు తనవిగా చూశాడనీ, తప్పు చేసిన శత్రువు ప్రాణమైనా తీయడానికి ఇష్టపడేవాడు కాదనీ రాయించింది. ఆ పక్కనే శకులను, యవనులను, పహ్లవులను నాశనం చేశాడని, క్షహరాతుల్ని తుడిచిపెట్టాడని. రెండూ ఎలా కుదురుతాయి? ఇంట్లో చీమను కూడా తొక్కని పిల్లవాడూ, యుద్ధం నుంచి నెత్తుటి బట్టలతో వచ్చిన రాజూ ఆవిడకు ఒక్కడే. అందుకే రెండూ రాయించి ఉంటుంది. నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపాడన్నది కూడా గొప్పగానే చెప్పుకుంది. అది మాత్రం నాకు మింగుడుపడలేదు. శాతవాహనులు శకుల ఇళ్లతో పెళ్లి సంబంధాలు చేసుకోవడానికి మరెన్నో ఏళ్లు పట్టలేదని చరిత్ర చెప్తోంది. రాళ్ల మీద రాసినవన్నీ ఇళ్లలో జరగాలని ఏముంది?

తన గురించి తక్కువే చెప్పుకుంది. సత్యం, దానం, ఓర్పు, అహింస తనకు ఇష్టమని. తపస్సు, ఉపవాసాలు, నిగ్రహంతో బతుకుతున్నానని. ఒక మహారాజుకు తల్లిని, ఒక మహారాజుకు నాయనమ్మనని. కొడుకును ఏకబ్రాహ్మణుడని పొగిడిన ఆ తల్లే గుహను బౌద్ధుల్లో భద్రయానీయ శాఖ భిక్షువులకు ఇచ్చింది. నాయనమ్మ మనసు తెలిసిన పులుమావి, గుహ నిర్వహణకు ఒక గ్రామాన్ని ఇచ్చి, ఆ పుణ్యం తండ్రికి చెందాలన్నాడు. మూడేళ్లకు, 22వ ఏట, గుహకిచ్చిన ఒక గ్రామానికి బదులు శాల్మలీపదమనే ఇంకో ఊరిని ఇచ్చారు. నాయనమ్మ పద్ధతి మనవడికీ అబ్బిందన్నమాట.

ఈ మనవడి పేరు ఎంత దూరం పోయిందో వింటే ఆశ్చర్యమేస్తుంది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ, పైఠాన్ రాజు సిరోపొలెమాయోస్ అని రాశాడు. సిరి పులుమావి ఆ నోళ్లలో అలా తిరిగాడు. అమరావతి స్తూపం దగ్గరా అతని శాసనం దొరికింది. అక్కడ దానాలిచ్చినవాళ్లలో మామూలు ఇల్లాళ్లూ భిక్షుణులూ ఉన్నారు. విధికుడనే తోలుపని చేసే అతను తల్లినీ భార్యనూ కలుపుకుని ఒక శిల్పఫలకం ఇచ్చాడు. అతనికి గుర్తొచ్చింది చూశారా, తల్లిని కలపాలని!

వర్తకం సంగతి కూడా ఒక మాట. ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు (అవి రోమన్ నాణేలు) ఇండియాకు పోతున్నాయని ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి వాపోయాడు. పైఠాన్ నుంచి రంగురాళ్లు, తేరు నుంచి సన్నబట్టలు బండ్ల మీద భరుకచ్ఛం రేవుకు పోయేవి. మన కృష్ణా తీరపు మసాలియా సీమ కూడా సన్నటి బట్టలకు పేరు పడ్డదే. బదులుగా వచ్చిన బంగారు కాసులకు మన ఆడవాళ్లు చిల్లులు పొడిచి మెళ్లో వేసుకున్నారు. అలాంటివి ఆంధ్రదేశంలో దొరికాయి. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో (హైటెక్ సిటీ పక్కన కొండాపూర్ అనుకునేరు, అది వేరు) అగస్టస్ బంగారు నాణెం ఒకటి బయటపడింది. శంఖం గాజులు, పూసలు, మట్టిబొమ్మలు కూడా. మా అమ్మమ్మ కాసులపేరు చార్‌కమాన్‌లో చెరిపించి చెయిను చేయించుకున్నాను పెళ్లైన కొత్తలో. అప్పుడీ సంగతి తెలిసి ఉంటే చేయించుకునేదాన్ని కాదు.

కొండ దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అత్తమ్మ చెట్టు కిందే ఉంది, పులిహోర పొట్లాలు విప్పి అందరికీ విస్తర్లు సర్దిపెట్టింది. ఏముందే అంత సేపు చూడటానికి అని అడిగింది. తింటూ తింటూ చెప్పాను. కొడుకు పోయిన ఒక రాజుల తల్లి అతని పేరు రాయించిందని, కొడుకు పేరులోనే ఆవిడ పేరు ఉందని, పందొమ్మిదేళ్ల తర్వాత రాయించిందని.

ఆవిడ చాలాసేపు కొండ వైపు చూసింది. ఆమెకు ఇంకా పిల్లలున్నారా అని అడిగింది. అది రాయలేదత్తమ్మా అన్నాను. ఒక్కడే అయ్యుంటాడు పాపం అంది. తర్వాత చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ, ఊరికి పోయాక ఆ పలకాయన్ని ఒకసారి పిలిపించు, అక్షరానికి ఎంత తీసుకుంటాడో కనుక్కుందాం అంది.